కింది నుంచి కోసిన పేరా

పత్రికల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ అనుభవంలోంచి ఒక మంచి మాట చెప్పండి సార్ అంటారు. మంచి మాటలు నా దగ్గర తక్కువ. చెడగొట్టిన పనులైతే కావలసినన్ని ఉన్నాయి. అందులో ఒకటి చెబుతాను, వినండి. చాలాకాలం దీనికి కారణం ఒక పళ్ల డాక్టరని చెప్పుకుని తిరిగాను. కారణం నేనే.

రెండువేల ఐదు, ఆరు ప్రాంతపు సంగతి. సూర్యాపేట అప్పటికి ఇంకా జిల్లా కాలేదు. మాది గురువారం గురువారం వచ్చే ఎనిమిది పేజీల వారపత్రిక. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్లే మా లోకం. మిర్యాలగూడ రైసుమిల్లులో బాయిలరు చెడిపోతే మొదటి పేజీ, ఢిల్లీలో ప్రభుత్వం పడిపోతే ఐదో పేజీ. ఆఫీసు ఎరువుల దుకాణం పైన ఉండేది. లోడు దిగిన రోజు మా వార్తలకూ అదే వాసన పట్టేది. ఎడిటరూ యజమానీ ఒక్కరే. కోదాడ మనిషి. గొడవ అనే మాట వింటే చాలు, కుర్చీ వెనక్కి జరుపుకునేవారు.

నేను సబ్ ఎడిటర్ని. అంటే వచ్చినదాన్ని దిద్దడం, పెట్టిన చోట పట్టకపోతే కోయడం. కోతకు మా వృత్తిలో ఒకటే సూత్రం, కింది నుంచి కోయాలి. వార్త రాసేవాడు ముఖ్యమైనది ముందే చెప్పేస్తాడు, అంతగా పనికిరానిది చివరికి తోస్తాడు. కాబట్టి కింద నాలుగు లైన్లు ఎగిరిపోతే ఎవరికీ నష్టం లేదు. ఈ ఒక్క సూత్రంతో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాను. కళ్లు మూసుకుని కోస్తానని గొప్పలు కూడా చెప్పుకునేవాణ్ని.

మా కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి పేజీలు కట్టే డీటీపీ ఆపరేటర్ ఒకావిడ ఉండేది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ముస్లిం. మధ్యాహ్నం పక్క గదిలో నమాజు చేసుకుని వచ్చి టిఫిన్ డబ్బా విప్పేది. ఆమె టైపు చేసిన దాంట్లో తప్పులు వెతకడం దండగ. నా రాతలో తప్పులు మాత్రం ఆమె వెతికి, చెప్పకుండా దిద్ది, తలొంచుకుని నవ్వుకునేది.

ఒకసారి మిర్యాలగూడ నుంచి మాకొక వ్యాసం వచ్చింది. పంపినాయన అక్కడ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరర్. అందరూ లెక్కల సారు అనేవాళ్లం. ముస్లిం ఇంట్లో పుట్టాడు. నలభయ్యో ఏట, నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ఈ మతం ఇక నాది కాదు అని ఇంట్లో చెప్పేశాడు. ఆ మాట అచ్చులో చెప్పడానికి మాత్రం రిటైరయ్యేదాకా ఆగాడు.

వ్యాసం మెత్తగా లేదు, బాగుంది. చిన్నప్పుడు అరబ్బీ నేర్పే ఉస్తాదును ఒక ప్రశ్న అడిగితే చెంప వాచిందని రాశాడు. నరకం చూపించి చేయించే మంచి, మంచి ఎట్లా అవుతుందని అడిగాడు. తన అక్కను ఆమె భర్త ఉత్తరంలో మూడుసార్లు తలాఖ్ అని రాసి వదిలేస్తే, పెద్దలంతా కూర్చుని ఆ ఉత్తరం చెల్లుతుందా లేదా అని చూశారే గాని అక్క ముఖం ఒక్కరూ చూడలేదని రాశాడు. హిందువుల ఇంట్లో పుట్టి హిందూ ఆచారాలను విమర్శించినవాణ్ని సంస్కర్త అంటున్నారు, అదే పని నేను చేస్తే అందరూ ఎందుకు గతుక్కుమంటారని కూడా అడిగాడు.

మా ఎడిటర్ గారు రెండుసార్లు చదివి చెమట తుడుచుకున్నారు. "ఎందుకొచ్చిన గొడవండీ ఇది. ఆయన్ని లెక్కల మీద ఏమన్నా రాయమనండి, వేసుకుందాం" అన్నారు. అయితే వాళ్లబ్బాయి ఇంటర్లో లెక్కలు గట్టెక్కింది ఈ సారు చలవ వల్లే. ఆ మొహమాటం కొద్దీ చివరికి సరే అన్నారు. భావప్రకటన స్వేచ్ఛను మా పత్రిక ఆ విధంగా కాపాడింది.

బుధవారం మధ్యాహ్నం పేజీలు కడుతున్నాం. సాయంత్రానికి ప్రెస్సుకు పంపాలి. అప్పుడొచ్చింది ప్రకటన. బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన పళ్ల ఆస్పత్రిది. ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్న నోరు, కింద చిరునామా. ఎడిటర్ గారు దాన్ని నాలుగో పేజీలో పెట్టమన్నారు. ఆ పేజీలో ఉన్నది లెక్కల సారు వ్యాసం. నేను ఆపరేటర్ వెనక నిలబడి, కింది నుంచి ఒక పేరా తీసెయ్యమ్మా అన్నాను.

"సార్, ఆఖరి పేరా పోతది" అంది ఆమె.

"కోసేది కింది నుంచే కదా."

"ఇది వార్త కాదు సార్. జర ఒక్కసారి చదువుండ్రి."

టైము లేదమ్మా అన్నాను, విసుగ్గానే అన్నాను. ఆమె ఒక క్షణం నా వైపు చూసి, మీట నొక్కింది. పేరా పోయింది. పళ్లు వచ్చాయి. నేను టీ తాగడానికి కిందికి దిగాను.

శనివారం పదకొండింటికి మెట్ల మీద చప్పుడైంది. ముందు బురఖాలో ఒక పెద్దామె, మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. వెనక లెక్కల సారు. ఆయన మా పత్రికను నా బల్ల మీద పరిచి, నవ్వుతున్న పళ్లను వేలితో పొడిచాడు.

"ఈడ ఉండాల్సిన నా ఆఖరి పేరా ఏడికి పోయింది?"

"జాగా చాలలేదు సార్" అన్నాను.

"మీకు జాగా సాల్లే. గిప్పుడు మా అక్కకు జాగా దొరుకుతలేదు."

సంగతేమిటంటే, ఆ పెద్దామె ఆయన అక్క. సూర్యాపేటలోనే బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకుంటూ ఒంటరిగా బతుకుతోంది. ఉంటున్న ఇల్లు పాతదై ఓనరు పడగొడుతున్నాడు. వచ్చే ఆదివారానికి ఖాళీ చేయాలి. నెలరోజులు తిరగ్గా తిరగ్గా హిందువులుండే ఒక కాలనీలో రెండు గదులు దొరికాయి, మాట కూడా అయింది. శుక్రవారం పొద్దున ఆ కాలనీవాళ్లు నలుగురు మా వ్యాసాన్ని జిరాక్స్ తీయించి, ఎర్ర సిరాతో గీతలు కొట్టి ఆ ఇంటామె చేతిలో పెట్టారు. వాళ్ల మనిషే వాళ్ల గురించి ఇట్లా రాశాడు, ఇల్లు ఎవరికిస్తున్నావో చూసుకో అన్నారు. ఇంటామె వేరే ఇల్లు చూసుకొమ్మని కబురు పంపింది. ఆ వ్యాసం రాసినవాడి అక్కే ఇల్లడిగిన మనిషని వాళ్లెవరికీ తెలియదు.

మా ఆపరేటర్ లేచి, సొరుగులోంచి సారు చేతిరాత ప్రతి తీసింది. నేను పారేయమన్న కాగితాలను ఆమె దాచింది. కోసిన పేరాను అందరికీ వినబడేలా చదివింది.

"ఇది నాకూ, నేను పుట్టిన మతానికీ మధ్య తగాదా. ఆ ఇంట్లో పుట్టినవాడిగా అడిగాను, అడుగుతూనే ఉంటాను. కానీ ఈ వ్యాసం చూపించి ఎవరైనా ఒక ముస్లింకు ఇల్లు అద్దెకివ్వననీ, పని ఇవ్వననీ అంటే, వాళ్లతో నా తగాదా ఇంకా పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచిన అక్క ఈ రోజుకూ ఐదు పూటలా నమాజు చేస్తుంది. ఆమె నమ్మకం నాకు లేదు. ఆమెకంటే నమ్మదగిన మనిషి కూడా నాకు లేదు."

చదివి, కాగితం మడిచి, ఆమె సారు వైపు తిరిగింది. "సారూ, మీ వ్యాసంల సగం మాటలు నాకు నచ్చలే. టైపు జేస్తుంటే రెండుసార్లు లేచిపోదామనుకున్న. ముందుగల్ల ఈ పేరా చదివిన కాబట్టి కూసున్న."

నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే, ఆ రోజు ఆమె వైపు చూసి మాట్లాడలేకపోయాను. ఇరవై ఏళ్లలో నేను ఇట్లా ఎన్ని పేరాలు కోశానో, ఎవరి ఇళ్ల మీద అవి పడ్డాయో అనిపించింది.

ఇంతలో పెద్దామె తమ్ముడి భుజం పట్టి తన వైపు తిప్పుకుంది. "కోసిన సారుతోని తర్వాత మాట్లాడుత. ముందు నీ సంగతి చెప్పు. నా తలాఖ్ ముచ్చట పేపర్ల రాసేముందు నన్నడిగినవా?"

"నీ పేరు రాయలేదు గదా ఆపా" అన్నాడు. అక్కను ఆయన అట్లాగే పిలిచేవాడు.

"నీకెందరక్కలున్నరు? మిర్యాలగూడల ఎవలకు తెల్వదు? ఇంకో మాట. నాకు తలాఖ్ రాసింది నా మొగడు. అల్లా గాదు. గది గూడ రాయాలె."

ముప్పై ఏళ్లు క్లాసులను గడగడలాడించిన మనిషి బల్ల అంచు గోకుతూ, "రాస్త" అన్నాడు.

"రాయకుంటే ఊకోను. నీతోని కొట్లాడేది నేను. మధ్యల గా నలుగురెవలు?"

చప్పుడు విని ఎడిటర్ గారు గదిలోంచి వచ్చారు. విషయం విని కూలబడ్డారు. "ఇంగ్లీషు పేపర్లలో ఏదో మాట వస్తోందండీ, ఇస్లామోఫోబియా అని, ఇస్లాం అన్నా ముస్లింలన్నా పగబట్టడమట. మనం వేసింది అదే అవుతుందంటారా మాస్టారూ?" అని సారునే అడిగారు.

సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సూడుండ్రి. నేను మతాన్ని ప్రశ్నడిగితే, నువ్వు ఇస్లామోఫోబియా చేస్తున్నవ్, నోరు మూసుకో అంటరు కొందరు. అప్పుడు నాకు ఆ మాట మీద కోపమొస్తది. మా అక్కకు ఇల్లు దొరకనప్పుడు, అసలు గట్లాంటిదేం లేదంటరు ఇంకొందరు. అప్పుడు ఇంకింత కోపమొస్తది. పుస్తకాన్ని అడిగేది వేరు, మనిషిని గేటు బయట నిలబెట్టేది వేరు. నేను రాసినదాంట్ల రెండూ ఉండె. మీరు ఒక్కటే ఏసిండ్రు."

ఆ పేరా ఈ వారం వేద్దామండీ అన్నాను ఎడిటర్ గారితో. మళ్లీ కెలకడమెందుకండీ, అదే చల్లారుతుంది అన్నారు ఆయన. ఆయనకు అన్నీ చల్లారేవే.

సోమవారం మసీదు కమిటీ పెద్ద ఒకాయన వచ్చాడు. పరుపుల దుకాణం నడుపుకునే నెమ్మదైన మనిషి. నేను గొడవకు సిద్ధపడి చొక్కా సర్దుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, "మాకు బాధయింది సార్. జవాబు రాసిస్తం, ఏస్తరా?" అన్నాడు. వేస్తామన్నాను. "కోయకుంట?" అన్నాడు. మా ఆపరేటర్ దగ్గుతున్నట్టు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే జిరాక్స్ నలుగురిలో ఇద్దరు వచ్చారు. వ్యాసం అద్భుతమట. రాసినాయనకు సభ పెట్టి శాలువా కప్పుతారట. అక్కడే ఫోన్ చేసి సారుకు చెప్పాను. "ఈ ఎండల శాలువా ఎందుకు. మా అక్కకు ఆ రెండు గదులు ఇప్పియ్యమనుండ్రి, పొద్దందాక మాట్లాడత" అన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు వాళ్లకు చెప్పాను. ఇల్లడిగినామె రాసినాయనకు ఏమవుతుందో వాళ్లకు అప్పుడర్థమైంది. మళ్లీ వస్తామని పోయినవాళ్లు మళ్లీ రాలేదు.

బుధవారం వచ్చింది. రెండో పేజీలో నాకొక సొంత శీర్షిక ఉండేది. ఊళ్లో పెద్దమనుషులను ఆటపట్టిస్తూ వారం వారం రాసేవాణ్ని. దాని మీద నాకు కాస్త గర్వం కూడా. ఈ వారం ఆ జాగాలో సారు పేరా వేస్తానన్నాను. మీ శీర్షిక మీ ఇష్టమండీ అన్నారు ఎడిటర్ గారు, ఆయన జాగా పోవడం లేదు కాబట్టి.

పేరాకు ముందు నేనొక వివరణ రాశాను. వార్తాపత్రికల్లో కోత అవసరం, సమయాభావం, ప్రకటనల ఒత్తిడి, సంపాదకుల బాధ్యత, అన్నీ పెట్టి ముచ్చటగా రాశాను. చివర సారు పేరా. ఆపరేటర్ పేజీలో పోసి చూసింది.

"సార్, ఇరవై లైన్లు ఎక్కువైనయ్. ఏడికెళ్లి కోయాలె?"

ఆమె నవ్వలేదు. తెర వైపే చూస్తూ అడిగింది.

"పైనుంచి కొయ్యమ్మా" అన్నాను.

కోసింది. సమయాభావం పోయింది. ప్రకటనల ఒత్తిడి పోయింది. పట్టింది కదా ఇక చాలేమో అని నేననుకుంటుంటే, "ఇంకో నాలుగు లైన్లు తీస్తే అక్షరాలు పెద్దగ పెట్టొచ్చు సార్" అంది. తియ్యమన్నాను. సంపాదకుల బాధ్యత కూడా పోయింది. చివరికి నావి రెండు వాక్యాలు మిగిలాయి. "పోయిన వారం వ్యాసంలో చివరి పేరాను నేను చదవకుండా కోశాను. ఆ పేరా ఇది." నా ఉద్యోగం మొత్తంలో నేను రాసినవాటిలో అంత మంచి వాక్యాలు వేరే లేవు. అవి కూడా ఆమె మిగల్చబట్టి ఉన్నాయి.

గురువారం పత్రిక చేతబట్టుకుని సారు, అక్క, నేను ఆ కాలనీకి వెళ్లాం. ఇంటామెది తుంగతుర్తి దిక్కు. గొర్లు కాసుకున్న కుటుంబం, కొడుకుకు నౌకరీ వస్తే సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్నారు. అరుగు మీద కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. ఆమెకు చదువు రాదు. నేను గొంతు సవరించుకుని, పేరా అంతా నాటకం లెవెల్లో చదివి వినిపించాను. ఆమె చెయ్యి ఆపి విన్నది.

"మంచిగ రాసిండు. గిట్లయితే రాండ్రి మరి, ఇల్లిస్త" అంది.

నా పని ఫలించిందని సంతోషపడ్డాను. సారు అక్క మాత్రం గేటు దగ్గరినుంచి కదల్లేదు.

"పోయినవారం కాయితం సూసి వద్దంటివి. ఈవారం కాయితం సూసి రమ్మంటున్నవ్. వచ్చేవారం ఇంకో కాయితమొస్తే మళ్ల పొమ్మంటవా? కాయితం పక్కకు పెట్టక్కా. నన్ను సూసి చెప్పు."

చేతికొచ్చిన ఇల్లు, ఉన్న ఇల్లేమో మూడు రోజుల్లో ఖాళీ చేయాలి, ఈ పెద్దామె ఏమిటిలా అంటుంది అనుకున్నాను. సారు కూడా, ఆపా, ఆపా అని నసిగాడు. ఇంటామె చేట పక్కన పెట్టింది. లేచి వచ్చి నిజంగానే ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"మెడల గదేంది?"

"కొలతల టేపు. బట్టలు కుడత."

"మిషిన్ చప్పుడు పొద్దుగాల ఎప్పుడు సురువైతది?"

"నమాజు అయినంక. ఐదున్నరకు."

"నేను నాల్గింటికే లేస్త. ఇంట్ల అందరు ఎనిమిదిదాక లేవరు. ఒక్కదాన్నే గోడలు సూసుకుంట కూసుంట. చప్పుడుంటే మంచిదే."

అప్పటిదాకా గేటు బయట నిలబడి వింటున్న ఒకాయన లోపలికి తొంగి చూశాడు. జిరాక్స్ నలుగురిలో మిగిలిన ఇద్దరిలో ఒకడు. "పెద్దమ్మా, ఆలోచించుకో. కూర వండుతరు, వాసనొస్తది" అన్నాడు.

ఇంటామె అతని వైపు మెల్లగా తిరిగింది. "మూడు తరాలసంది గొర్ల మందల పండినోళ్లం. నాకు వాసన సంగతి చెప్తున్నవా బిడ్డా? మొన్న దసరకు మా ఇంట్ల తల్కాయ కూర రెండుసార్లు ఏయించుకున్నదెవలు?"

అతనికి ఆ క్షణమే ఏదో పని గుర్తొచ్చింది.

ఆదివారం సామాను దింపాం. కుట్టుమిషన్‌ను ఒక పక్క సారు, ఒక పక్క నేను పట్టుకున్నాం. ముందు నడుస్తూ ఆ పెద్దామె నరకం ఎందుకు ఉండాలో తమ్ముడికి చెబుతూనే ఉంది. వెనక ఆయన, లేదని రుజువులు చెబుతూ నా కాలి మీద మిషన్ దింపాడు. వాళ్లిద్దరిలో ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. సేమియా మాత్రం ప్రతి రంజానుకూ మిర్యాలగూడ పోయేది, నాకు కూడా ఒక డబ్బా వచ్చేది.

రెండు నెలలకు సారు రెండో వ్యాసం పంపాడు. దానికి ఒక చీటీ గుచ్చి ఉంది. "మీ కత్తెర సంగతి ఇప్పుడు తెలిసింది. అందుకని అక్క మాట పైనే పెట్టాను." నిజంగానే మొదటి పేరాలోనే, తలాఖ్ రాసింది భర్త, అల్లా కాదని అక్క అన్నదని రాశాడు. విమర్శ అంతా ఆ తర్వాత. అందులో అన్నిటికంటే ఘాటైనది చివరి పేరా. మతంలోకి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేనప్పుడు, బయటికి పోవడానికి భయమెందుకుండాలి, భయంతో నిలబెట్టుకున్న మనిషిని లెక్కలో ఎట్లా వేసుకుంటారు అని అడిగాడు.

మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ బుధవారం మధ్యాహ్నం పళ్ల డాక్టరు ప్రకటన మళ్లీ వచ్చింది. అదే సైజు. ఎనిమిది లైన్లు ఎక్కువయ్యాయి. నాకు లోపల చిన్న ఆశ పుట్టింది. ఇప్పుడు కింద ఉన్నది తిట్టే కదా. కోస్తే ఎవరి ఇల్లూ పోదు. ఎడిటర్ గారికి నిద్ర పడుతుంది, మా ఆపరేటర్ కూడా సంతోషిస్తుంది. ఆ చివరి పేరా మీద వేలు పెట్టాను.

"అది కోస్తరా సార్?" అంది ఆమె.

"నీకు నచ్చని మాటే కదమ్మా."

"అస్సలు నచ్చలే. అందుకే పూర్తిగ రావాలె. వచ్చేవారం నేను జవాబు రాస్త. సగం కోసిన మాటకు జవాబెట్ల రాస్తరు?"

వేలు తీసేశాను. మరి ఎనిమిది లైన్ల జాగా ఎక్కడినుంచి తేవాలని ఇద్దరం పేజీని పైనుంచి కిందికి చూశాం. ఇద్దరి చూపూ ఒకే చోట ఆగింది. సూత్రం సూత్రమే కదా, కింది నుంచే కోశాను. చిరునామా మాత్రం పదిలంగా ఉంచాం.

గురువారం పొద్దున పళ్ల డాక్టరు ఫోన్ చేశాడు. "ఏవండీ, ప్రకటనలో పైవరస పళ్లే ఉన్నాయి. కిందివరస ఏమైంది?"

"జాగా చాలలేదు సార్" అన్నాను.